పట్టుకో!

"పట్టుకో!" అంటాడు మా ఆయన. అనేసరికే టవల్ గాల్లో ఉంటుంది. ఒక చేత్తో కూర కలుపుతూ రెండో చేత్తో అందుకుంటాను. టవల్ తర్వాత తాళాలు, తాళాల తర్వాత ఖాళీ లంచ్ బాక్స్, ఆఖర్న సాక్స్. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్కటి కూడా కింద పడనివ్వలేదు. ఇంటికి ఎవరైనా వస్తే అదొక ప్రదర్శన. "చూశారా, చూడకుండానే పట్టేసింది! ఆటల టీచర్‌కి ఉత్తినే జీతమిస్తున్నారా మరి!" అని నవ్వుతాడు. వచ్చినవాళ్ళూ నవ్వుతారు. చేతిలో తడి టవల్‌తో నేనూ నవ్వేసి టీ పెట్టడానికి వెళ్తాను.

నేను బడిలో పిల్లలకి వ్యాయామం నేర్పుతాను. అక్కడ నన్ను అడిగేవాళ్ళకంటే నా పీరియడ్ అడిగేవాళ్ళే ఎక్కువ. "సిలబస్ మిగిలిపోయింది మేడమ్, మీవి ఎలాగూ ఆటలేగా" అంటూ లెక్కల మాస్టారు గ్రౌండు మధ్యలోంచే పిల్లల్ని తోలుకుపోతారు. ఒంటికాలి మీద నిలబడలేని పిల్లలు, మెట్టు దిగాలంటే పక్కవాడి భుజం వెతుక్కునే పిల్లలు, బంతి వస్తుంటే ముఖానికి చేతులు అడ్డం పెట్టుకునే పిల్లలు. వాళ్ళ కళ్ళకీ కాళ్ళకీ చేతులకీ స్నేహం కుదర్చడం నా పని. అది పని అని ఇంతవరకూ ఎవరికీ తోచలేదు. ఇంటికొచ్చి కాస్త నడుం వాలిస్తే, "పొద్దంతా ఆడుకునొచ్చావు, అలసటేమిటి అమ్మాయ్?" అంటారు మా అత్తగారు. వెటకారం కాదు, ఆవిడ నిజంగానే అడుగుతారు. అందుకే ఇంకా ఒళ్ళు మండుతుంది.

ఇంతమందికి నేర్పే నాకు, ఏడేళ్ళ నా కూతురు బంతి కనిపిస్తే చాలు కళ్ళు గట్టిగా మూసేసుకుంటుందని ఈమధ్యే తెలిసింది. దాని బడి వేరు. సాయంత్రం నేను నేరుగా వంటింట్లో పడతాను. "గెంతకు, పడతావు", "ఆడపిల్లవి, కుదురుగా కూర్చో" అని వింటూ పెరిగిన ఒళ్ళు దానిది. తోటిపిల్లలు దాన్ని ఏ జట్టులోకీ తీసుకోవట్లేదని వాళ్ళ టీచర్ చెప్పినప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే డాబా మీదికి తీసుకెళ్ళాను. "మరి వంట?" అన్నారు అత్తగారు. "వచ్చి చేస్తాను" అన్నాను.

తగిలినా నొప్పి పుట్టనిదైతే భయం పోతుంది. అందుకని మా ఆయన పాత సాక్స్ ఉండ చుట్టి బంతి చేశాను. ముందు నేల మీద దొర్లించాను. తర్వాత దగ్గర్నుంచి మెల్లగా వేశాను. "నన్ను కాదు, బంతిని చూడు. చేతులు ముందుకి చాపు. అందగానే గుండెలకి లాక్కో." రోజూ జారవిడిచేది, రోజూ ఏడ్చేది. నేనూ విసుక్కున్నాను, అబద్ధమెందుకు. నిన్న మాత్రం కళ్ళు తెరిచే ఉంచింది. సాక్స్ ఉండ దాని అరచేతుల్లో ఆగింది. కాసేపు దానికేసే చూసి, "అమ్మా, వచ్చేసింది!" అని అరిచింది. గిన్నెలు తోముతున్నంతసేపూ నాకు నవ్వొస్తూనే ఉంది.

ఇవాళ మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో కూలబడ్డాడు. బూట్లు విప్పి, సాక్స్ లాగి, ఉండ చుట్టి, "పట్టుకో!" అన్నాడు. వంటింట్లోంచి అలవాటుగా చెయ్యి చాపాను. అది నా వైపు రాలేదు. హాల్లో బొమ్మలేసుకుంటున్న నా కూతురు చటుక్కున లేచి, కళ్ళు తెరిచి, చేతులు చాపి పట్టుకుంది. పట్టుకుని గుండెలకి లాక్కుంది, ఆ చెమట సాక్స్‌ని.

"శభాష్! అచ్చం అమ్మే!" అని చప్పట్లు కొట్టాడు.

"మరి తల్లి పోలిక ఎక్కడికి పోతుందీ" అని అత్తగారు మురిసిపోయారు.

"వెళ్ళి బకెట్లో పడేసి రా తల్లీ, మంచినీళ్ళు కూడా పట్రా" అన్నాడు మా ఆయన.

అది కదల్లేదు. నేను మెచ్చుకుంటానని నా వైపే చూస్తోంది. ముఖం వెలిగిపోతోంది. నేను చెప్పింది చెప్పినట్టే చేసింది, ఒక్క తప్పు లేదు. ఇందుకా నేను నేర్పింది?

స్టవ్ కట్టేసి హాల్లోకి వచ్చాను. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"పట్టుకోవడం వచ్చేసింది. ఇవాళ విసరడం. కుడిచేత్తో పట్టుకో. ఎడమకాలు ముందుకి వెయ్యి. మోచెయ్యి భుజం దాకా ఎత్తు. ఎక్కడికి వెయ్యాలో అక్కడే చూడు."

మా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"ఎక్కడికమ్మా?" అంది నా కూతురు.

"ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికే."