వెనక సీటు బరువు

“సీటు మీద పడ్డదా?” అని అడిగారు నా భర్త, ముందు సీటులోంచి మెడ మాత్రం తిప్పి.

పడింది సాంబారు. సీటు మీద కాదు, నా ఎడమ పాదం మీద. గంగాధర ఊరు దాటాక ఒక స్పీడు బ్రేకరు మీద కారు వెనక భాగం దబ్బున కూలబడింది. రెండు కాళ్ల మధ్య అదిమి పట్టుకున్న గంజు మూత ఎగిరిపడింది. పొయ్యి మీంచి దించి గంట కాని సాంబారు. నా కొడుకు జోయల్ కారు ఆపి దిగాడు. నా వైపు తలుపు తీస్తాడనుకున్నాను. మోకాళ్ల మీద వంగి కారు అడుగు చూశాడు. “సైలెన్సర్ గీస్కపోయింది డాడీ” అన్నాడు, ఎవరో పోయినంత దిగులుగా.

“సీటు మీద పడలేదు” అన్నాను నేను.

ఆ తర్వాత నన్ను వేధించింది వాళ్ల మాటలు కావు, ఈ నా జవాబే. అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పాలని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు. అడిగిన ప్రశ్నే తప్పని చెప్పవచ్చునని నేర్పలేదు. నేను కూడా అదే కాన్వెంటులో ముప్పై ఒక్క సంవత్సరాలు భౌతికశాస్త్రం చెప్పాను గాని, ఆ సంగతి ఒక్క ఆడపిల్లకూ చెప్పలేదు.

నెలకొక ఆదివారం కొండగట్టు అవతల ఉన్న మా చిన్న మెథడిస్టు సంఘంలో ఆరాధన తర్వాత ప్రేమ విందు జరుగుతుంది. ప్రసంగం మా ఆయన బెంజమిన్ గారిది, వంట నాది. ఆయన ప్రసంగానికి శనివారమంతా గది తలుపు మూసి ఉంటుంది. నా వంటకు ఏ తలుపూ మూసి ఉండదు. మధ్యలో ఆయనకు రెండుసార్లు టీ, జోయల్‌కు ఒకసారి ఉప్మా. తెల్లవారాక కరీంనగర్‌లోని మా ఇంటి మెట్ల మీదుగా అన్నం డేక్సా, సాంబారు గంజు, నలభై స్టీలు ప్లేట్లు, మడత బల్ల కారులోకి చేరతాయి. అవి ఎలా చేరతాయని ఇరవై రెండేళ్లుగా ఎవరూ అడగలేదు. వెనక సీటు నాది. పూర్వం, పాత కారులో, ముందు సీటులో మా అత్తగారు కూర్చునేది. “ఆడిది బండ్ల గిన్నె లెక్క కూసోవాలె, సప్పుడు చెయ్యొద్దు” అనేది, తాను ఆడది కానట్టు. ఆమె పోయాక ఆ సీటు నాకు వస్తుందనుకోవడం నా అమాయకత్వం. నాకు కారు నడపడం వచ్చు. యాభై ఎనిమిదో ఏట లైసెన్సు తీసుకున్నాను. మా ఆయనకు కంటి ఆపరేషన్ అయిన సంవత్సరమంతా నేనే నడిపాను, నిర్మల్ దాకా కూడా. నాలుగేళ్ల క్రితం జోయల్ హైదరాబాదు ఉద్యోగం వదిలి ఇల్లు చేరిన నాడు, తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులోంచి వాడి గది కొక్కేనికి మారింది. ఎవరూ లాక్కోలేదు. నేనే తీసి ఇచ్చాను. కారు మాత్రం ఈనాటికీ నా పేరు మీదే ఉంది.

గత నెలలో వాడికి కారును కిందికి దించాలన్న కోరిక పుట్టింది. ఫోనులో బొమ్మలు చూపించాడు. “మమ్మీ, గిట్ల భూమికి అతుక్కున్నట్టు ఉండాలె. రెండించులు దించితే సాలు, రోడ్డు మీద అందరు మనల్నే చూస్తరు.” మా ఆయన కూడా కళ్లజోడు సవరించుకొని మురిసిపోయారు. నేను కొత్తిమీర ఏరుతూ ఒక్క మాట అన్నాను: “పొట్టి స్ప్రింగు వేస్తే అది గట్టిదై ఉండాలి జోయల్. కదలడానికి చోటు తగ్గింది గనుక, బరువు పడితే అడుగు తాకుతుంది. షాక్ అబ్జార్బర్లు కూడా ఆ స్ప్రింగుకు తగినవే వేయించు. పాతవి ఉంచితే ఊపును ఆపలేవు.”

“మమ్మీ, గిది నైన్త్ క్లాస్ పాఠం కాదు” అని వాడు నవ్వాడు.

“నువ్వు సాంబార్ల ఉప్పు సూస్కో దెబోరా. బండి ముచ్చట పిలగాడు సూస్కుంటడు” అన్నారు మా ఆయన.

ఉప్పు సరిగ్గానే ఉంది. ఆ సాంబారే నా కాలి మీద పడింది.

పాదానికి తడిగుడ్డ చుట్టుకొని ఆ ఆదివారం నలభై మందికి వడ్డించాను. అంతకు ముందు మా ఆయన ముప్పావు గంట ప్రసంగించారు, ఎదుటివారి బరువు మనం మోయడం గురించి. ఆయన గొంతు మంచిది. వెనక వరుసలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. నేను తుడుచుకోలేదు. నాకు బొబ్బ లేస్తోంది.

తిరుగు ప్రయాణంలో తండ్రీ కొడుకులు తీర్పు ఖాయం చేశారు. బండిలో బరువు ఎక్కువైందట. “వచ్చే నెల నుంచి నువ్వు గిన్నెలు పట్కొని ఆటోల రా. గంగాధర దాంక ఒకటి, ఆడికెల్లి ఒకటి. జర ముందు బయలెల్లితే అయిపాయె” అన్నారు మా ఆయన. ఎంతో ఆలోచించి దారి చూపినవాడి గొంతు అది. “నీకే కాళ్లు సాపుకునుడు ఫ్రీ ఉంటది మమ్మీ” అన్నాడు జోయల్. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, నన్ను ఇంతగా మండిస్తున్నది బొబ్బ కాదని గ్రహించాను. ఆటోలో వెళ్లడం అవమానం కాదు, నా వయసు స్త్రీలు ఎందరో వెళ్తారు. కాని నా పదవీ విరమణ సొమ్ముతో కొన్న కారు సొగసుగా కనిపించాలంటే అందులోంచి తీసివేయవలసిన మొదటి వస్తువు నేను. అంత సులభంగా తేలిపోయింది ఆ సంగతి. ముగ్గురు మనుషులలో ఎవరు బరువో తేల్చడానికి వాళ్లకు ఒక కిలోమీటరు కూడా పట్టలేదు.

సోమవారం పొద్దున తండ్రి నడకకు వెళ్లారు, కొడుకు నిద్రపోతున్నాడు. నేను డేక్సాలోనూ గంజులోనూ నీళ్లు నింపి, బరువు చూసుకోవడానికి జోయల్ కొన్న యంత్రం మీద ఒక్కొక్కటే పెట్టాను. డేక్సా పందొమ్మిది కిలోలు. గంజు పద్నాలుగు. ప్లేట్లు పది. బల్ల ఎనిమిది. చివరికి నేను ఎక్కాను. యాభై ఎనిమిది. కాగితం మీద రాసి మడిచి, కొక్కేనికున్న తాళంచెవి తీసుకున్నాను.

క్లచ్ తొక్కేది ఎడమ కాలు. గేరు మార్చిన ప్రతిసారీ బొబ్బ చెప్పుకు ఒరుసుకుంది. ప్రతి స్పీడు బ్రేకరు మీదా కారు అడుగు గీసుకుంది. ఆ రెండు నొప్పులూ ఒకేసారి వింటూ స్ప్రింగులు మార్చిన కొమురెల్లి దుకాణం చేరాను.

“సార్ రాలేదా మేడం?” అన్నాడు కొమురెల్లి, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూస్తూ.

“కారు నాది” అని ఆర్‌సీ బల్ల మీద పెట్టాను. “ఇంత మెత్తని స్ప్రింగు ఎందుకు వేశారు?”

అతడు నొచ్చుకున్నాడు. “నేను ఊకెనే ఎయ్యను మేడం. బరువు అడగకుంట స్ప్రింగు ఇయ్యను. మీ బాబే రాయించిండు, సూడుండ్రి” అని దస్త్రంలోంచి ఒక చీటీ తీశాడు. అచ్చులో మూడు ప్రశ్నలు, పక్కన జోయల్ చేతిరాత. ఏ రోడ్డు? టౌను. ముందు సీట్లు? ఇద్దరు. వెనక సీటు, డిక్కీ?

ఖాళీ.

వాడు అబద్ధం రాయలేదు. వాడికి నిజంగా అలాగే కనిపించింది, అదే భరించరానిది. నాలుగేళ్లుగా వాడి ముందరి అద్దంలో కనిపిస్తున్న ముఖం నాది. నా కాగితం విప్పి లెక్క కట్టాను. నూట తొమ్మిది కిలోల ఖాళీ.

“పాత ఎత్తు పెట్టమంటరా?” అన్నాడు కొమురెల్లి.

“వద్దు. పిల్లవాడికి కారు కిందికి ఉండటం ఇష్టం. ఒక్క అంగుళం దించండి. వెనక గట్టి స్ప్రింగులు వేయండి. షాక్ అబ్జార్బర్లు నాలుగూ ఆ స్ప్రింగులకు జోడైనవే వేయండి. పాతవి తీసేసి నాకు చూపించండి.”

అతడు నన్ను మొదటిసారి తేరిపార చూసి కొత్త చీటీ తీశాడు. “షాక్ అబ్జార్బర్ల ముచ్చట మొదలు బాబుకు గిట్లనే చెప్పిన మేడం. ఖర్చు దండుగ అన్నడు. సరే, రాయిద్దామా? ఏ రోడ్డు?”

“కొండగట్టు అవతలి దాకా.”

“నడిపేది?”

“దెబోరా. యాభై ఎనిమిది కిలోలు.”

“పక్క సీట్ల?”

“నా హ్యాండ్‌బ్యాగు. డిక్కీలో ప్లేట్లు, బల్ల.”

కొమురెల్లి పెన్ను ఆగింది. “మరి వెనక సీటు ఏం రాయాలె మేడం? ఖాళీయేనా?”

చీటీ నా వైపు తిప్పుకొని, నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా, నేనే రాశాను: ఇద్దరు మగవాళ్లు. ఒకరి కాళ్ల మధ్య డేక్సా, ఇంకొకరి కాళ్ల మధ్య గంజు.