సున్నా అని చెప్పిన అన్నయ్య

ఇంట్లో అతన్ని లెక్చరర్ గారనే పిలుస్తారు. మొదట తండ్రి వేళాకోళానికి మొదలుపెట్టినా, కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఉద్యోగం నిలకడయ్యాక ఆ పిలుపులో గర్వం చేరింది. చెల్లెలు కూడా అదే దారిలో ఫిజిక్సులో చేరింది. అనుమానం వస్తే పుస్తకం చంకన పెట్టుకుని అన్నయ్య గదికే పరుగు.

వైవా అనే నోటి పరీక్షకు ముందురోజూ అలాగే వచ్చింది. అతను అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

“అన్నయ్యా, కెపాసిటర్ చార్జ్ అయ్యేప్పుడు రెండు ప్లేట్ల మధ్య అయస్కాంత క్షేత్రం పుడుతుందని ఉంది. మరి డిశ్చార్జ్ అయ్యేప్పుడో?”

“అప్పుడు ఖాళీ అయిపోతోంది కదే. ఇంకేం పుడుతుంది? సున్నా.”

“తగ్గడం కూడా మార్పే కదా? విద్యుత్ క్షేత్రం మారితే చాలన్నారుగా...”

“రేపు పరీక్ష పెట్టుకుని నాకే పాఠం చెబుతావా? సున్నా అని గుర్తుపెట్టుకో, పో.”

నురగ పూసుకున్న మొహంతోనే నవ్వాడు. ఆమె నవ్వలేదు గానీ, తలూపి వెళ్లిపోయింది.

మర్నాడు ఆమెను కాలేజీలో దింపి, ల్యాబు బయట బెంచీ మీద కూర్చున్నాడు. తలుపు ఓరగా తెరిచే ఉంది. ప్రశ్నలడిగే పెద్దావిడ గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. సరిగ్గా ఆ ప్రశ్నే వేసింది. చెల్లెలు తడుముకోకుండా “సున్నా మేడమ్” అంది.

“సున్నానా? తీగ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం ప్లేటు దాకా వచ్చి ఠక్కున మాయమైపోతుందా?”

లోపల ఎవరో కిసుక్కున నవ్వారు.

“ప్లేట్ల మధ్య విద్యుత్ క్షేత్రం పెరిగినా తరిగినా మార్పు మార్పేనమ్మా. ఆ మార్పే కరెంటులా పనిచేస్తుంది. డిస్‌ప్లేస్‌మెంట్ కరెంటంటే అదేగా! డిశ్చార్జ్‌లో దాని దిశ తిరగబడుతుంది, అంతే. సున్నా అని ఎవరు చెప్పారు నీకు?”

అతను లోపలికి వెళ్లి ‘నేనే’ అనొచ్చు. బెంచీ మీదే ఉండిపోయాడు.

“ఎవరూ చెప్పలేదు మేడమ్. నేనే అలా అనుకున్నాను.”

ఆ మాట విన్నాక అక్కడ కూర్చోలేక, వరండా చివరికి వెళ్లి నిలబడ్డాడు. ఆమె బయటికి రాగానే, అప్పుడే ఎటునుంచో వస్తున్నవాడిలా ఎదురెళ్లి “ఎలా చేశావ్?” అన్నాడు. అన్న మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది.

“బాగానే. ఒకటి పోయింది.”

ఏది అని అడగలేదు.

భోజనాల దగ్గర ఆ సంగతి విని తండ్రి అందుకున్నాడు. “లెక్చరర్ గారు ఇంట్లో ఉండగా ఆ ఒక్కటీ ఎందుకు పోయిందే?”

చెల్లెలు తల వంచుకుని అన్నం కలుపుతోంది. ఇక అతనివల్ల కాలేదు.

“అది పోయింది నావల్లే నాన్నా. తను సరిగ్గానే అంది. నేనే తప్పు చెప్పి నోరు మూయించాను. ఎవరు చెప్పారని మేడమ్ అడిగినా నా పేరెత్తలేదు. బయట కూర్చుని అంతా వింటూ కూడా నేను లేవలేదు.”

తండ్రి మొహం వెలిగిపోయింది. “చూశావా, చెల్లెలి తప్పు ఎలా నెత్తినేసుకుంటున్నాడో! ఇలాంటి అన్న ఎవరికుంటాడు?” అన్నాడు తల్లితో.

“కాదు నాన్నా, నిజంగానే...”

“ఊరుకోరా, నీ సంగతి నాకు తెలీదా!”

చెల్లెలు అప్పుడు తలెత్తి అన్న వంక చూసింది. అతను బయటే ఉన్నాడన్న సంగతి ఆమెకి తెలిసింది ఇప్పుడే. కంచం తీసుకుని లేచి వెళ్లింది.

రాత పరీక్షలకి ఆమె తన అనుమానాలన్నీ వైవాలో ప్రశ్నలడిగిన ఆ పెద్దావిడనే అడిగి తీర్చుకుంది. మంచి మార్కులొచ్చాయి. తండ్రి మాత్రం ఎవరు కలిసినా అంతా లెక్చరర్ గారి చలవే అంటాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా, అతను ఏదో పనున్నట్టు పక్క గదిలోకి వెళ్లిపోతాడు.