కట్ట చుట్టిన కాగితం

బామ్మర్దే పట్టించాడని ప్రెస్సాయనకి గట్టి నమ్మకం. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. పదకొండేళ్ళు పక్కన కూచోబెట్టుకుని కంపోజింగు నేర్పినందుకు తగిన శాస్తే చేశాడు వెధవ.

జైల్లో పెట్టిన తొమ్మిదిమంది మిల్లు కార్మికుల పేర్లు అచ్చేస్తే నేరమని కొత్త చట్టం. ఆ పేర్ల కరపత్రం తెచ్చింది బామ్మర్దే. "భోజనాల వేళ కానిచ్చేద్దాం బావా" అన్నాడు. షట్టరు సగం దించి కానిచ్చారు. ఆ వెంటనే అక్షరాలు విప్పి అరల కేసుల్లో సర్దేశారు. సంగతి తెలిసింది ఇద్దరికే.

వారం తిరక్కుండా ఎదురు టీకొట్లో ఎవడో కొత్తవాడు పొద్దస్తమానం కూచోడం మొదలెట్టాడు. బామ్మర్ది కాళ్ళకి కొత్త చెప్పులొచ్చాయి.

"ఎక్కడివిరా?"

"కొనుక్కున్నా బావా. దానిక్కూడా పర్మిషన్ తీసుకోవాలా?"

వాడు నవ్వాడు. ప్రెస్సాయన టీకొట్టుకేసి చూశాడు.

"మా తమ్ముణ్ణి దొంగని చూసినట్టు చూస్తారేం?" అంది ఇంట్లో భార్య.

"నీ తమ్ముడు కాబట్టి నీకు కనపడదు."

శనివారం ఇన్‌స్పెక్టరొచ్చి స్టూలు లాక్కున్నాడు. "కరపత్రం ఇక్కడిదేనని తెలుసు. తెచ్చిందెవరు?"

ప్రెస్సాయనకి ఒళ్ళు మండిపోయింది. "అదిగో, మా బామ్మర్ది! మీకు చెప్పిందీ వాడేగా!"

"మాకెవరూ చెప్పలేదయ్యా."

ఇన్‌స్పెక్టరు జేబులోంచి ఓ కాగితం తీసి బల్లమీద పరిచాడు. సిరా సరిపడేదాకా మిషను మీద తీసే పాడు షీటు. తొమ్మిది పేర్లూ ఉన్నాయి. అలాంటి షీట్లు పారెయ్యడానికి ప్రెస్సాయనకి చెయ్యి రాదు. తెల్లవైపు పైకి తిప్పి కట్టలు చుడతాడు. స్టేషను సమన్ల ఫారాలూ ఇక్కడే అచ్చవుతాయి. పోయిన వారం స్టేషనుకి పంపిన ఆ కట్ట ఈ కాగితంలో చుట్టింది ఆయనే. మడత మీద ఆయన బొటనవేలి మరక.

"తెచ్చినవాడి పేరొక్కటే దొరకలేదు. నువ్విచ్చావు కాబట్టి నిన్ను వదిలేస్తున్నా. ప్రెస్సుకి మాత్రం సీలు."

అక్షరాల కేసు దగ్గర నిలబడి అంతా విన్నాడు బామ్మర్ది.

"నేననుకున్నావా, బావా?"

కొత్త చెప్పులు తొడుక్కుని జీపెక్కాడు.

పోయినవి: పన్నెండడుగుల వెడల్పు, పద్దెనిమిదడుగుల పొడవు గది, ఒక ట్రెడిలు మిషను, పద్నాలుగు కేసుల అక్షరాలు, బామ్మర్దివి జైల్లో మూడేళ్ళ నాలుగు నెలలు.