ప్రాణదాత్రికి బొమ్మ లేదు

“నయం చెయ్ వదినా, నయం చెయ్! పోయేలా ఉన్నాను!” అని మా మరిది హాల్లోంచి అరిచేసరికి నేను పొంగుతున్న పాలు దించుతున్నాను. “ఎనిమిది!” అని అక్కణ్ణించే కేకేశాను. హాల్లో నలుగురూ హమ్మయ్య అనుకున్నారు. పాచికలు మళ్ళీ గలగలమన్నాయి. నేను టీపొడి డబ్బా కోసం వెతుక్కున్నాను.

మా ఇంట్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం జరిగే తంతే ఇది. మా ఆయన ఒక ఆట తయారుచేస్తున్నారు. గళ్ళ అట్ట పరుచుకుని, కాగితాలూ పాచికలూ పెట్టుకుని బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. కథ ఆయన నడిపిస్తారు, రాక్షసుల తరఫున పాచికలూ ఆయనే వేస్తారు. మిగతావాళ్ళు మాంత్రికులు. ప్రెస్ నడిపే స్నేహితుడు నిప్పుల మాంత్రికుడు, మా మరిది పిడుగుల మాంత్రికుడు, మందుల షాపాయన కనికట్టు మాంత్రికుడు. నాలుగో పాత్ర పేరు ప్రాణదాత్రి. రౌండుకోసారి దెబ్బతిన్నవాళ్ళలో ఒకరికి ఎనిమిది పాయింట్ల ప్రాణం తిరిగిస్తుంది. అంతకుమించి ఆమెకు పనేం లేదు. ఆ పాత్ర ఎవరికీ అక్కర్లేకపోయింది. నర్సమ్మ అని పేరుపెట్టి నవ్వుకున్నారు. మందుల షాపాయన్ని అడిగితే, “వారమంతా జ్వరం బిళ్ళలే కదా, ఆదివారం కూడానా?” అన్నాడు. అలా అలా జరిగి అది వంటింటి గుమ్మంలో నిలబడ్డ నా మీదికొచ్చింది. కుర్చీలు నాలుగే ఉన్నాయి. అట్ట మీద అందరికీ తలా ఒక బొమ్మ ఉంది, నాకు లేదు. బొమ్మ లేదు గనక రాక్షసులు నా జోలికి రారు. “చూశావా, అందరికంటే నీకే హాయి,” అన్నారు మా ఆయన.

ఆట లెక్కలన్నీ మాత్రం నావే. ఏ మాంత్రికుడూ మిగతావాళ్ళని మింగేసేంత ఎక్కువ కాకూడదు, ఎందుకూ కొరగానంత తక్కువా కాకూడదు. దాన్ని వాళ్ళు తూకం అంటారు. నేను బీమా ఆఫీసులో పట్టికల సెక్షన్లో పనిచేస్తాను. ఏ వయసువాళ్ళు ఇంకెన్నేళ్ళు బతుకుతారో అంచనాలు వేస్తుంటాను. వేసిన పట్టిక మా ఆఫీసరు మీటింగుకి పట్టుకెళ్తాడు. ఎవరైనా అడిగితే, “మా మేడమ్ అంకెలు ముత్యాల్లా రాస్తారండీ,” అంటాడు. అంచనా నాదని అనడు, దస్తూరీ నాదని అంటాడు. ఇంట్లో మా ఆయన, “నీకెలాగూ అలవాటే కదా, ఓసారి చూసిపెట్టు,” అంటారు. ఆ ఓసారి మొదలై పద్నాలుగు నెలలైంది. అత్తయ్యగారు ఫోన్లో, “మగపిల్లలు పాపం వారమంతా చాకిరీ చేసి ఓ పూట ఆడుకుంటున్నారు, నువ్వు మధ్యలో దూరి సతాయించకు,” అని జాగ్రత్త చెప్తారు. ఆ మగపిల్లల్లో చిన్నవాడికి నలభై ఒకటి. నిజం చెప్పొద్దూ, ఆ లెక్కలంటే నాకు పిచ్చి ఇష్టం. బస్సులో కూర్చుని నిప్పుకి ఎన్ని, పిడుగుకి ఎన్ని అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ దిగాల్సిన స్టాపు దాటిపోయిన రోజులున్నాయి. నా బుర్ర పూర్తిగా నాదే అనిపించేది ఆ బస్సులోనే.

పోయిన నెల ఆటను బయటివాళ్ళ చేత కూడా ఆడించి చూద్దామని ఒక లేడీస్ హాస్టలుకి జిరాక్సు కాపీ పంపారు. వాళ్ళ దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. ముందు నేనే చదివాను. “మూడో రౌండుకే చచ్చిపోతున్నామండీ. నాలుగుసార్లు ఆడాం, నాలుగుసార్లూ అంతే. మేమేమైనా తప్పు ఆడుతున్నామా? ప్రాణదాత్రిగా ఉండడానికి మాలో ఎవరూ ఒప్పుకోలేదు, ఆమె లేకుండానే ఆడాం. ఆఫీసులోనూ ఇంట్లోనూ చేసేది చాలు, ఇక్కడ కూడా ఎందుకు అన్నారు.” నాకు నవ్వాగలేదు. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఆ తర్వాత ఏదో తట్టి నవ్వు ఆగిపోయింది.

ఆడిన ప్రతిసారీ మా మరిది ఒక కాగితం నింపుతాడు. ఎవరు ఎంత కొట్టారు, ఎవరికి ఎంత తగిలింది, ఎన్నో రౌండులో గెలిచారు. అలాంటివి యాభై పైనే ఉన్నాయి, నా లెక్కలన్నిటికీ అవే ఆధారం. తీసి చూశాను. ప్రతి దాంట్లోనూ మూడే గళ్ళు. నిప్పు, పిడుగు, కనికట్టు. ప్రాణదాత్రికి గడి లేదు. నేను రౌండుకోసారి పొయ్యి దగ్గర్నించి అరిచిన ఎనిమిదులు ఒక్కటీ కాగితం మీదికి ఎక్కలేదు. ఏడు రౌండ్ల యుద్ధంలో యాభై ఆరు పాయింట్లు. ముగ్గురి ప్రాణం మొత్తం కలిపితే నలభై రెండే. అంటే ఒక్కో ఆదివారం వాళ్ళని మొత్తానికి మొత్తం ఒకసారి బతికించి, పైన ఇంకొంచెం కూడా ఇచ్చాను. కాగితం మీద మాత్రం ముగ్గురు వీరులు సొంత బలంతో ఏడు రౌండ్లు నిలబడ్డారు. అన్నిటికంటే సిగ్గేసింది దేనికంటే, ఆ కాగితాలు పద్నాలుగు నెలలుగా నా చేతిలోనే ఉన్నాయి. నా గడి లేదని నాకే తట్టలేదు. వాళ్ళు మర్చిపోయారంటే అనుకోవచ్చు, నన్ను నేనే లెక్కలో వేసుకోవడం మర్చిపోయానే అని ఆ రోజంతా మనసు కుదుటపడలేదు.

ఆదివారం టీ కప్పులు పెట్టాక కాగితాలు బల్ల మీద పరిచి చెప్పాను. మాట తడబడకుండా ఉండడానికి ముందే మూడుసార్లు చెప్పుకుని చూసుకున్నాను. మందుల షాపాయన తలూపాడు. “నిజమే సుమా,” అన్నాడు ప్రెస్ ఆయన. నాకు ప్రాణం లేచొచ్చింది. అదే ఊపులో నేను రాసుకున్న సవరణ కూడా చెప్పాను. ప్రాణదాత్రికి అట్ట మీద బొమ్మ ఉండాలి. కాగితంలో గడి ఉండాలి. ఇంకొకటి, ఎవరికి నయం చేస్తే వాళ్ళు ఆ రౌండు కొట్టడం మానేసి ఊరుకోవాలి. గాయం మానడానికి వాళ్ళు కూడా ఏదో ఒకటి ఇవ్వాలి కదా. అప్పుడే ఆమెని పిలిచేముందు కాస్త ఆలోచిస్తారు, ఆ పాత్రకి విలువొస్తుంది, ఆడేవాళ్ళూ దొరుకుతారు. అంకెలన్నీ సరిచూసే తెచ్చాను.

“ఒక ఆట ఆడి చూద్దాం, పోయేదేముంది,” అన్నారు మా ఆయన. నాకు కుర్చీ వెయ్యలేదు గానీ సీసా మూత ఒకటి తెచ్చి బొమ్మ బదులు అట్ట మీద పెట్టారు. రెండో రౌండులో ప్రెస్ ఆయనకి గట్టిగా తగిలింది. “నయం చెయ్ చెల్లెమ్మా,” అన్నాడు.

“చేస్తానన్నయ్యా. ఈ రౌండు మీరు కొట్టకూడదు మరి.”

“కొట్టకపోతే ఎలాగ? వాడు ఎదురుగా ఉన్నాడుగా!”

“ఒక్క రౌండేనండీ.”

“ఒక్క రౌండైనా చేతులు కట్టుకుని కూర్చోడానికా నేనింత దూరం వచ్చింది? వద్దులే తల్లీ, నీ వైద్యం నాకొద్దు.” ఆయన నిప్పు విసిరాడు. గురి తప్పింది. మూడో రౌండులో చచ్చిపోయాడు. చచ్చిపోయి, కుర్చీ వెనక్కి జరిపి, “ఇదేం రూలయ్యా బాబూ, ఆటంతా చప్పబడిపోయింది,” అన్నాడు. మరిది కూడా మొహం ముడుచుకుని, “వదిన లెక్క కరెక్టేగానీ ఆడబుద్ధి కావట్లేదు,” అన్నాడు. ఆమె దగ్గర వైద్యం ఉండగానే, ఒక్క నిమిషం కూర్చోలేక మనిషి చచ్చాడు, తప్పు రూలుదైంది. ఏదో అనబోయాను. మా ఆయన నా వైపు చూసి మెల్లిగా తల అడ్డంగా ఊపారు. ఆ తల ఊపు నాకు పెళ్ళైన కొత్తలోంచీ తెలుసు. నలుగురిలో వద్దు అని దానర్థం. నలుగురూ వెళ్ళాక ఎప్పుడూ ఏమీ ఉండదు.

“ఒక పని చేద్దాం,” అన్నారు ఆయన ఉత్సాహంగా. “అసలు ప్రాణదాత్రినే తీసేద్దాం. ఎవరికీ ఇష్టం లేని పాత్ర ఎందుకు? ఆ హాస్టలు అమ్మాయిలు కూడా అదే రాశారుగా.” అందరికీ అది తెగ నచ్చేసింది. భుజాలు తట్టుకున్నారు. ఆ అమ్మాయిలు రాసింది అది కాదని చెప్పాలనిపించింది. వాళ్ళు వద్దన్నది ఆమెని కాదు, ఆమెకి పట్టిన గతిని. ఖాళీ కప్పులు ట్రేలో సర్దాను. ఆట రూల్స్ పుస్తకం బుధవారం ప్రెస్సుకెళ్ళాలి. “నువ్వు మంగళవారంకల్లా మిగతా ముగ్గురి అంకెలూ సర్దిపెట్టెయ్. నీకైతే చిటికెలో పని,” అన్నారు ఆయన. నేను చెయ్యనని అనొచ్చు. అంటే ఏమవుతుంది? ఆయనే కూర్చుని తప్పులతడకగా వేస్తారు, పుస్తకం అలాగే అచ్చవుతుంది, ఎక్కడో ఇంకో నలుగురు అమ్మాయిలు మూడో రౌండుకే చచ్చిపోయి తప్పు తమదేనేమో అనుకుంటారు. పద్నాలుగు నెలల నా ఇష్టం చెడిపోవడం నేను చూడలేను. ఇది వాళ్ళకి బాగా తెలుసు, అందుకే నన్నెవరూ బతిమాలరు.

సోమవారం ఆఫీసులో భోజనాల టైములో చేశాను. ప్రాణదాత్రి లేకుండా మాంత్రికులు ఏడు రౌండ్లు నిలబడాలంటే ఆమె ఇచ్చిన యాభై ఆరూ ఎక్కడినించో రావాలి. ఎవరెవరు నన్ను ఎన్నిసార్లు పిలిచేవారో ఏ కాగితంలోనూ లేదుగానీ నాకు గుర్తుంది. నిప్పుకి ఇరవై ఏడు కలిపాను. పద్నాలుగు ఉన్న ప్రాణం నలభై ఒకటైంది. పిడుగుకి పదిహేడు, పదహారు కాస్తా ముప్పై మూడు. కనికట్టుకి పన్నెండు, ఉన్నది రెట్టింపై ఇరవై నాలుగు. రాసినవి రాసినట్టు చూస్తూ కూర్చున్నాను. పద్నాలుగు నెలల తర్వాత ఆమె విలువ ఎంతో మొదటిసారి కాగితం మీద పడింది, కానీ ముగ్గురు మగవాళ్ళ పేర్ల కింద. కూర డబ్బా మూత తియ్యబుద్ధి కాలేదు. పక్క సీటావిడ, “ఒంట్లో బాలేదా?” అని అడిగింది. బాగానే ఉందన్నాను.

మంగళవారం సాయంత్రం కాగితాలు ఆయన చేతికిచ్చాను. మరిదిని పిలిచి అప్పటికప్పుడు ఒక ఆట ఆడి చూశారు. ఏడో రౌండులో రాక్షసుడు కూలాడు, మాంత్రికులు కొనప్రాణంతో మిగిలారు. కుదరాల్సినట్టే కుదిరింది. ఆయన మొహం వెలిగిపోయింది.

“అబ్బ, ఏం తూకం కుదిరిందోయ్! చూశావా, ఆవిడ లేకపోయినా ఆట ఎంచక్కా నిలబడింది.”

“లేకపోవడమేంటండీ,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “ఆవిణ్ణి ముక్కలు చేసి ముగ్గురికీ పంచాను. అందుకే నిలబడింది.”

“అదేగా నేనూ అంటున్నది,” అని ఆయన పేజీ తిప్పారు.