జకరయ్య ఫోనులో మొదటి స్థానం

నేను ఒక వెబ్ పేజీని. చేత్తో పట్టుకునే వస్తువును కాను కాబట్టి నాకు ఆత్మకథ ఏమిటని మీరు ముఖం చిట్లించవచ్చు. కానీ నేనూ ఒక చోట పుట్టాను, ఒకరి చేతుల్లో పెరిగాను, మరొకరి చేతుల్లో చెడిపోయాను. ఆత్మకథకు అంతకంటే ఏం కావాలి?

రాజమండ్రి ఇన్నీసుపేటలో జకరయ్యది చిన్న చెప్పుల కొట్టు. అందరి కాళ్ళకూ కుట్టేవాడు కాదు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళకు, పుట్టుకతోనే పాదం వంకర తిరిగినవాళ్ళకు, షుగరు వల్ల వేళ్ళు పోయినవాళ్ళకు కొలత తీసి కుట్టేవాడు. ముందు ఆ మనిషి పాదం ఎలా ఉందో అచ్చం అలాగే చెక్కతో చెక్కి, దాని మీద తోలు లాగి కుట్టడం ఆయన పద్ధతి. కొట్టు గోడ నిండా ఆ చెక్కపాదాలే వేలాడుతుండేవి.

నన్ను తయారు చేసింది ఆయన కూతురు ఎస్తేరు. కాకినాడలో నర్సింగు చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు, తండ్రి పక్కన కూర్చుని, ఆయన చెప్పింది చెప్పినట్టు టైపు చేసింది. ‘ఒక కాలు పొట్టిగా ఉన్న పిల్లలకు ఎత్తు మడమ బూట్లు’, ‘వంకర పాదానికి కొలత చెప్పులు’. నా ఒంటి నిండా ఇలాంటి పొడుగాటి మాటలే. అందచందాలు లేనిదాన్నే, ఒప్పుకుంటాను.

మా లోకం సంగతి కాస్త చెప్పాలి. మీరు ఫోనులో ఏది వెతికినా మా అందరికీ వినబడుతుంది. కానీ మీరు కొట్టిన మాటలు ఎవరి ఒంటి మీద ఉన్నాయో వాళ్ళనే సెర్చ్ ఇంజన్ పిలిచి వరసలో నిలబెడుతుంది. ఆ వరసలో ముందున్న కొద్దిమందినే మీరు చూస్తారు. మిగతావాళ్ళు ఉన్నా లేనట్టే. పొడుగాటి మాటలు కొట్టేవాళ్ళు తక్కువ, ఆ వరసలో పోటీ కూడా తక్కువ. అందుకే వంకర పాదం గురించి ఎవరు అడిగినా ముందు నేనే ఉండేదాన్ని. నెలకు ఏ నలుగురో అడిగేవాళ్ళు. ఆ నలుగురూ బస్సెక్కి వచ్చేసేవాళ్ళు.

అలాంటి రోజుల్లో హేమసుందర్ దిగాడు. చంకలో ల్యాప్‌టాప్ పెట్టుకుని, షాపులను నెట్‌లో పైకి తెస్తానంటూ వీధులు తిరిగే కుర్రాడు. నన్ను తెరిచి చూసి పెదవి విరిచాడు.

“ఏంటండీ బాబాయ్ గారూ, ఈ వంకర పాదాల గోలంతా ఎవరు కొడతారండీ? అదే షూస్ అని కొట్టేవోళ్ళు రోజుకి లక్షల మందుంటారు. ఆళ్ళలో పిసరంత మంది మనకాడికొచ్చినా మీరు కుట్టలేక చావాలండి.”

జకరయ్య చేతిలో ఉలి ఆగింది. “షూస్ అని కొడితే మన కొట్టు వత్తాదా?”

“అందరికంటే ముందు వత్తాదండి. ఆయ్!”

సంగతి విని ఎస్తేరు ఫోనులో మొత్తుకుంది. “వద్దు నాన్నా. ఆ ఒక్క మాట కోసం పెద్ద పెద్ద కంపెనీలే కొట్టుకు చస్తన్నాయి. ఆళ్ళ మధ్యలో మనల్ని ఎవరు చూత్తారు?”

“అయితే ఎప్పుడూ ఈ మూలనే కూకోమంటావేంటే?” అన్నాడు జకరయ్య.

పుట్టినప్పటి నుంచి వీధి చివర కూర్చున్న మనిషి ఒక్కసారి నడిబజారులో కూర్చోవాలనుకుంటే తప్పని నేను అనలేను. ఆ ఆశ చూస్తే నాకు జాలే వేసింది.

హేమసుందర్ నా ఒంటి మీది మాటలన్నీ చెరిపేసి షూస్, బెస్ట్ షూస్, షూస్ ఫర్ ఆల్ అని నింపాడు. నవ్వుతూ పరుగెత్తే అమ్మాయి ఫోటో ఒకటి తెచ్చి నా నెత్తిన పెట్టాడు. ఆ పిల్లకు రెండు కాళ్ళూ సమానంగా ఉన్నాయి. తన పని అయిపోయిందని పక్క వీధికి వెళ్ళిపోయాడు.

నేను షూస్ అన్న వరసలోకి వెళ్ళి నిలబడ్డాను. నా ముందు కంపెనీలు, వాటి ముందు ఇంకా పెద్ద కంపెనీలు. వరస మొదలు ఎక్కడుందో నాకు కనిపించనే లేదు. అంత వెనక్కి వచ్చి చూసే ఓపిక ఏ మనిషికీ ఉండదు.

ఆ ఓపిక ఉన్నది జకరయ్య ఒక్కడికే. ఆయన పొద్దున కొట్టు తెరవగానే షూస్ అని కొట్టి, ఓపిగ్గా కిందికి కిందికి వెళ్ళి, నన్ను పట్టుకుని తెరిచేవాడు. రోజూ అదే పని. ఈయనకు కావలసింది ఇదే కాబోలని ఫోను గ్రహించింది. కొన్నాళ్ళకు నన్ను అన్నిటికంటే పైన చూపించడం మొదలుపెట్టింది, ఆయన ఒక్కడి ఫోనులో. యజమాని మనసెరిగి మెలగడంలో ఫోనును మించిన నౌకరు లేడు.

హేమసుందర్ చెప్పినట్టే అయిందని జకరయ్య పొంగిపోయాడు. టీ కొట్టు దగ్గర, చర్చి మెట్ల మీద, కనబడినవాళ్ళందరికీ ఫోను తీసి చూపించాడు. “చూడండి, ఎంతెంత కంపెనీలున్నా మనదే ముందు!” అందరూ శెభాష్ అన్నారు. తమ ఫోనులో కొట్టి చూద్దామని ఒక్కరికీ తోచలేదు. పాత మాటలు మళ్ళీ రాస్తానని వచ్చిన ఎస్తేరు కూడా ఆ ఫోను చూసి, నన్ను ముట్టుకోకుండానే కాకినాడ వెళ్ళిపోయింది.

బస్సు దిగి వచ్చేవాళ్ళు మాత్రం ఆగిపోయారు. వానాకాలం వెళ్ళింది, చలికాలం వెళ్ళింది. కొట్టు గుమ్మం తొక్కినవాళ్ళు లేరు.

“అంత ముందున్నా ఎవరూ రాట్లేదంటే నా పనే బాలేదన్నమాట. నా కుట్టు ఎవరికీ అక్కర్లేదన్నమాట,” అన్నాడొక రోజు గోడకేసి చూస్తూ. పక్కన వినడానికి ఎవరూ లేరు. కాదని అరవాలనిపించింది నాకు. నీ పని బంగారం, చెడింది నేనని చెప్పాలనిపించింది. నాకు నోరు లేదు.

ఆ వారమే ఆయన చెక్కపాదాలన్నీ గోడ మీద నుంచి దించి, గోనెసంచిలో వేసి, టీ కొట్టు పొయ్యిలోకి ఇచ్చేశాడు. మెయిన్ రోడ్డులో ఒక చెప్పుల షోరూములో అట్టపెట్టెలు అందించే పనికి కుదిరాడు.

ఆయన పనిలో చేరిన రోజున ఎక్కడి నుంచో ఒక తల్లి వెతికింది. ‘పాపకి ఒక కాలు పొట్టి, బూట్లు ఎక్కడ కుడతారు’. నాకు స్పష్టంగా వినబడింది. ఆమె మళ్ళీ మార్చి కొట్టింది. ‘పాప కుంటుతోంది, ఎత్తు మడమ బూట్లు’. ఒకప్పుడు నా ఒంటి మీద ఉన్న మాటలే. ఇప్పుడు లేవు కాబట్టి సెర్చ్ ఇంజన్ నన్ను పిలవలేదు. ఇంకోసారి కొట్టింది, ఈసారి తప్పులతో, తొందరగా. తర్వాత ఆమె నుంచి ఏమీ వినబడలేదు.

సాయంత్రం జకరయ్య షోరూము నుంచి తన కొట్టుకు వచ్చి ఖాళీ గోడ కింద కూర్చున్నాడు. ఫోను తీసి షూస్ అని కొట్టాడు. అన్నిటికంటే పైన నేను కనిపించాను. నొక్కి తెరిచాడు. నన్ను తెరిచే మనిషి ఆయన ఒక్కడే. పరుగెత్తే పిల్ల ఫోటోను కాసేపు చూసి, కూతురికి ఫోను కలిపాడు.

“ఇంకా మనమే ముందున్నామే, అమ్మా,” అన్నాడు.