చెయ్యి తీస్తే ఆగే కీబోర్డు

“ఇందులో వందలకొద్దీ రిథమ్‌లున్నాయి మేడమ్,” అన్నాడు షాపతను, అవన్నీ తానే కూర్చుని వాయించి నింపినంత గర్వంగా.

“ఉంటే ఉండనివ్వండి. చెయ్యి తీస్తే ఆగుతుందా?”

“ఎందుకాగాలి మేడమ్? ఆగకుండా వాయిస్తుందనే కదా దీన్ని కొనేది!”

మాట నిజమే. ఈ రకం కీబోర్డు సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలంటే, ఎడమచేత్తో మూడు మెట్లు కలిపి నొక్కితే చాలు, డ్రమ్సూ బేసూ గిటారూ అన్నీ దానంతట అవే మోగిపోతాయి. కుడిచేత్తో మనం పాట వాయించుకోవచ్చు. ఆ తరవాత ఎడమచెయ్యి తీసి తల గోక్కున్నా, కళ్ళజోడు సర్దుకున్నా, టీ తాగినా అది ఆగదు. నలుగురి పని ఒక్క మనిషి చేతిమీదుగా అయిపోతుంది. పార్టీలకీ హోటళ్ళకీ వెళ్ళే ఆర్కెస్ట్రాలన్నీ ఇప్పుడు వీటిమీదే బతుకుతున్నాయి. మిగతా ముగ్గురూ ఏమైపోయారయ్యా అని మాత్రం ఎవరూ అడగరు.

ఆమెను ట్రూపులో అందరూ కీబోర్డక్క అంటారు. ఇంట్లో పేరు మొండిఘటం. పాత కీబోర్డులో సగం మెట్లు మూగపోయాయి కాబట్టి కొత్తది చూసి రమ్మని ట్రూపు యజమాని పంపించాడు. ఆయన స్వయానా ఆమెకు బాబాయి. మాట్లాడుతున్నంతసేపూ వాచీ చూసుకుంటూ ఉంటాడని టైము బాబాయి అని పేరు పడిపోయింది. “మిషను నీ ఇష్టం, తిట్లు నా ఇష్టం,” అని ముందే చెప్పేశాడు.

కానీ కీబోర్డక్క ఆ షాపుకి వచ్చింది మిషను కోసం కాదు, అన్నయ్య కోసం.

అన్నయ్య ఆ ట్రూపులో గాయకుడు. ఆమధ్య ఊపిరితిత్తులకి జబ్బు చేసి ఆస్పత్రిలో పడి లేచాడు. గొంతు చెక్కుచెదరలేదు, ఊపిరే సగమైంది. ఒక్క గుక్కలో పాడే లైను మధ్యలో ఆగి, గాలి పీల్చుకుంటే తప్ప రెండో సగం రాదు. మొన్నటి ప్రోగ్రాంలో చరణం మధ్య అలాగే ఆగాడు. మిషను ఆగలేదు. పరిగెత్తి దాన్ని అందుకున్నాడు, మళ్ళీ జారాడు, మళ్ళీ అందుకున్నాడు. ముందు టేబులు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, మైకు స్టాండుకి తగిలించేసి దిగిపోయాడు.

“అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందిటే?” అన్నాడు బాబాయి, ఆ మర్నాడు. “ఆదివారం ఆ పెద్ద హోటల్లో ప్రోగ్రాం. బాగుంటే వారంవారం మనకే ఇస్తామంటున్నారు. అక్కడ కూడా వెనకపడ్డాడంటే, ఇక పాట మానేసి సౌండు దగ్గర కూర్చోమను. కొత్త కుర్రాడొకడు ఉన్నాడు, మాట్లాడి పెట్టాను.”

బాబాయి చెడ్డవాడేం కాదు. అన్నకొడుకంటే ప్రేమ ఉంది, ట్రూపు మూతపడుతుందేమోనని భయమూ ఉంది. భయం కాస్త గట్టిగా మాట్లాడింది, అంతే.

అన్నయ్య ఆ మాట విని సరేనన్నాడు. ఆ సరేకే కీబోర్డక్కకి ఒళ్ళు మండిపోయింది. పళ్ళు తోముకుంటూ కూడా పాడే మనిషి, ఆ రోజునుంచి కూనిరాగం తీయడం లేదు. “ఇల్లు ఇల్లులా లేదమ్మా. రేడియో పెడితే లేచి వెళ్ళి కట్టేస్తున్నారు,” అని వదిన ఫోన్లో ఏడ్చింది. పాట తీసేస్తే అన్నయ్యలో ఇక మిగిలేది ఏమీ లేదని చెల్లెలికి తెలుసు. వదినకీ తెలుసు. బాబాయికి కూడా తెలుసు గానీ, వాచీ చూసుకుంటూ మరిచిపోయాడు.

షాపులో ఆమె ముందు రెండు కీబోర్డులున్నాయి. ఒకటి వెండిరంగుది, కొత్తది. అద్దంలాంటి తెర, చుట్టూ దీపాలు. అందులో ఫ్లూటు ఎంత తియ్యగా ఉందంటే, ఒక్క నిమిషం ఆమెకే మనసు జారింది. షాపతను ఆ తెరమీద ఇక్కడ నొక్కి, అక్కడ తోసి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళి, “ఇదిగో మేడమ్, దొరికింది! ఇప్పుడు చెయ్యి తీస్తే ఆగుతుంది,” అన్నాడు, తప్పిపోయిన దూడని పట్టుకొచ్చినట్టు.

నిజంగానే ఆగింది. కీబోర్డక్క అన్నయ్యలాగే సన్నగా పాడుకుంటూ, లైను మధ్యలో చెయ్యి తీసి చూసింది. బాగానే ఉంది. పల్లవి అయ్యాక చరణానికి రిథమ్ మార్చింది. చెయ్యి తీసింది. మిషను ఎవరి మాటా వినకుండా డబడబా వాయించుకుపోయింది.

“రిథమ్ మారిస్తే ఆ ఆప్షన్ పోతుంది మేడమ్. మళ్ళీ లోపలికెళ్ళి పెట్టుకోవాలి.”

“పాట మధ్యలో ఈ తెర ముందు తపస్సు చెయ్యమంటారా?”

రెండోది నల్లది, పాత మోడలు, కింది అరలోంచి తీశారు. బరువు చూస్తే మంచంకోడుకి కట్టేసి ఉందా అన్నట్టుంది. ఫ్లూటు వింటే కుక్కరు విజిలుకి స్వయానా చెల్లెలు. కానీ ముందువైపే ఒక బటన్ ఉంది. నొక్కితే ఎర్రదీపం వెలిగింది. చెయ్యి తీసింది, టక్కున నిశ్శబ్దం. చెయ్యి పెట్టింది, వేళ్ళకిందే డ్రమ్ము పలికింది. రిథమ్ మార్చింది, మళ్ళీ మార్చింది, వేగం పెంచింది, తగ్గించింది. దీపం ఆరలేదు. చెయ్యి తీసిన ప్రతిసారీ బుద్ధిగా ఆగింది.

“సౌండ్లు వినరా మేడమ్?” అన్నాడు షాపతను దిగులుగా.

“ఇది నా మాట వింటోంది కదండీ. సౌండ్లు నేను సర్దుకుంటాను. కట్టించండి.”

బాబాయి ఫోన్లో మొదట అడిగింది దీపాల గురించే. “లైట్లు వెలుగుతాయా?”

“ఒకటి వెలుగుతుంది.”

“ఒకటా! హోటలువాళ్ళు చూస్తే ఏమనుకుంటారే?”

“చూడ్డానికి రారు బాబాయ్, వినడానికి వస్తారు.”

“తినడానికి వస్తారు! నీ మొండితనం తగలెయ్యా, ఆ వెండిది పట్టుకురా.”

“మిషను నా ఇష్టం అన్నావు.”

“తిట్లు నా ఇష్టం అని కూడా అన్నాను!” అని బాబాయి మొదలెట్టాడు. అవి పూర్తయ్యేదాకా ఆమె ఫోను చెవికి దూరంగా పట్టుకుని నిలబడింది. తరవాత నల్లదాన్నే ఆటోలో వేయించుకుని వచ్చింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, మొండిది అయితే ఇక చెప్పేదేముంది.

ట్రూపు రిహార్సలు గది దర్జీ షాపు పైన ఉంటుంది. గోడలకి సౌండు కోసం పాత దుప్పట్లు మేకులేసి కొట్టారు. కిందనుంచి కుట్టుమిషన్ల చప్పుడు వస్తూనే ఉంటుంది. వదిన తరిమితే అన్నయ్య వచ్చాడు, చేతులు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ఆమె ఏమీ చెప్పకుండా పాట మొదలెట్టింది. అదే ఆమె చేసిన పొరపాటు. అన్నయ్య లైను మధ్యలో ఊపిరికి ఆగాడు, డ్రమ్స్ ఆగాయి. ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ పాడాడు, మళ్ళీ ఆగాడు, అవీ ఆగాయి. సంగీతం తెలిసిన మనిషికి ఇంకేం విడమరచి చెప్పాలి? మొహం ఎర్రబడింది.

“ఏం చేస్తున్నావే?”

“ఆగుతున్నాను.”

“నాకు చేతికర్ర కొనుక్కొచ్చావన్నమాట. కుంటివాడు వస్తున్నాడు, దారివ్వండర్రా అని అందరికీ చాటిస్తావా?”

ఆ మాట ఆమెకు కలుక్కుమంది. కానీ కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం కాదు.

“డ్రమ్స్ మావయ్య ఉన్నన్నాళ్ళూ నీ గొంతుకేసి చూస్తూ కొట్టేవాడు. నువ్వు ఒక్క అక్షరం మీద ఊగుతూ నిలబడితే, పుల్లలు గాల్లో పట్టుకుని కూర్చునేవాడు. అప్పుడు ఆయన్ని కర్ర అన్నావా? ఆయన లేకపోతే నేను పాడలేనన్నావు. మిషనొచ్చి ఆయన్ని ఇంటికి పంపించింది. ఇన్నేళ్ళూ నువ్వు దాని వెనకాల పరిగెత్తావు. ఊపిరున్నన్నాళ్ళూ పరిగెత్తగలిగావు. ఇక నీ వెనకాల అది నడుస్తుంది. తప్పా?”

అన్నయ్య కట్టుకున్న చేతులు విప్పాడు.

“పల్లవి ఎత్తుకో,” అంది ఆమె.

ఎత్తుకున్నాడు. మొదట కోపంగా, తరవాత కోపం మరిచిపోయి. చరణంలో పైస్థాయికి వెళ్ళి ఎన్నాళ్ళకో గొంతు విప్పి నిలబెట్టాడు. సరిగ్గా అప్పుడే కీబోర్డక్క కళ్ళజోడు ముక్కుమీదకి జారింది. ఏళ్ళతరబడి అలవాటు, ఎడమచెయ్యి దానంతటదే పైకి లేచింది. డ్రమ్సూ బేసూ అన్నీ టక్కున ఆగిపోయాయి. అన్నయ్య, నిచ్చెన లాగేసిన మనిషిలా, ఆ పైస్థాయి మీద ఒంటరిగా వేలాడాడు. కింద దర్జీ మిషను మాత్రం టకటకమంటోంది.

అన్నయ్య ఒక క్షణం ఆమెను చూసి నవ్వడం మొదలెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. “నాకు కర్ర సరే, ముందు నీ కళ్ళజోడుకి తాడు కట్టించుకోవే తల్లీ!”

ఆ నవ్వు విని ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తన ఎడమచెయ్యిని చూసుకుంటే మాత్రం గుండె జారింది. కీబోర్డు వాయించేవాళ్ళందరి ఎడమచేతికీ ఇదే రోగం. నొక్కి వదిలెయ్యడం, ఊరికే తిరగడం. ఇప్పుడది అనవసరంగా లేచిందంటే అన్నయ్య పాట తెగిపోతుంది. మిషను కుదిరింది, ఇక చెయ్యి కుదరాలి.

ఆదివారం దాకా ఇంట్లో కూడా ఆమె ఎడమచేతికి సెలవు లేదు. అన్నం తింటున్నా అది బల్లమీద మూడు వేళ్ళు నొక్కిపెట్టి ఉండాల్సిందే. లేచిందంటే కూతురు “అమ్మా, చెయ్యి!” అని అరిచేది. “ఆ చెయ్యి అక్కడే పాతేశావా, నీళ్ళు పొయ్యమంటావా?” అన్నాడు మొగుడు. తలుపు తీయడం, ఫోనెత్తడం, చెమట తుడుచుకోవడం అన్నీ కుడిచేత్తోనే. భుజం పట్టేసింది. వేణ్ణీళ్ళ కాపడం పెట్టించుకుని మళ్ళీ కూర్చుంది.

ఇంకో చిక్కు ఉంది. అన్నయ్య ఊపిరి ఎక్కడ తెగుతుందో ముందే గుర్తుపెట్టుకుందామంటే కుదరదు. ఒకపూట లైను చివరిదాకా వస్తుంది, ఇంకోపూట మాట మధ్యలోనే తెగుతుంది. రోజూ అతన్నే చూస్తూ ఉంటే చివరికి ఆనవాలు దొరికింది. ఊపిరి అయిపోయే ముందు అతని భుజాలు రవ్వంత పైకి లేస్తాయి. ఆ భుజాలమీంచి చూపు తిప్పకుండా, మెట్లు చూడకుండా వాయించడం నేర్చుకుంది.

ఆదివారం సాయంత్రం హోటల్లో టేబుళ్ళన్నీ నిండాయి. దీపాల హంగులేవీ లేని నల్ల కీబోర్డుని చూసి హోటలు మేనేజరు పెదవి విరిచాడు. బాబాయి ఆమెకేసి చూసిన చూపులో తిట్లన్నీ ఉన్నాయి. మొదటి పాట గడిచింది. రెండోదీ గడిచింది. అన్నయ్య ఆగినచోటల్లా వాయిద్యాలు ఆగాయి, అతను వచ్చినచోటల్లా వచ్చాయి. భోజనాలు చేస్తున్నవాళ్ళలో కొందరు చెంచాలు దించి వినడం మొదలెట్టారు.

మూడోది నెమ్మదైన పాట, అందరూ అడిగి మరీ పాడించుకునేది. చరణంలో అన్నయ్య భుజాలు లేచాయి. ఆమె చెయ్యి తీసింది. హాలంతా నిశ్శబ్దం. అతను ఊపిరి పీల్చబోయాడు. రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మెడనరాలు ఉబ్బాయి. రాలేదు.

ట్రూపులో ఇంకా మిగిలిన గిటారు అతను ఏదో ఒకటి వాయించి పూడ్చేద్దామని తీగమీద వేలు పెట్టాడు. ఆమె కళ్ళెర్రజేసింది, వేలు తీసేశాడు. స్టేజీ పక్కన తెర చాటునుంచి బాబాయి వాచీ చూపిస్తూ, వాయించు, వాయించు అని చెయ్యి ఊపుతున్నాడు. టేబుళ్ళ దగ్గర తలలు ఇటు తిరిగాయి. వాయిస్తే మిషను ముందుకి సాగిపోతుంది, పాట గట్టెక్కుతుంది, అన్నయ్య ఉండడు. ఆమె చెయ్యి మెట్లకి జానెడు పైన నిలబడి ఉంది. దిగడం లేదు.

అన్నయ్య వెనక్కి తిరిగి చూశాడు. నన్నొదిలెయ్యి, వాయించెయ్యి అన్నట్టు తల ఊపాడు. ఆమె అడ్డంగా తల ఊపింది. నీకెంతసేపు కావాలంటే అంతసేపు, అని పెదాలు మాత్రం కదిపింది.

అతను కళ్ళు మూసుకున్నాడు. మైకులోంచి ఊపిరి లోపలికి వెళ్ళిన చప్పుడు హాలంతా వినిపించింది. తరవాత ఆ మిగిలిన సగం లైను వచ్చింది, నెమ్మదిగా, చివరిదాకా. మొదటి అక్షరంతోపాటే ఆమె చెయ్యి దిగింది. ఇక ఆ పాటలో ఎక్కడా ఇద్దరూ ఒకరికొకరు తప్పిపోలేదు.

చప్పట్లు గట్టిగానే పడ్డాయి. ప్రోగ్రాం అయ్యాక బాబాయి చెమట తుడుచుకుంటూ వచ్చాడు. “నా గుండె ఆగిపోయిందే మొండిఘటమా! హోటలువాళ్ళు వచ్చే ఆదివారం కూడా రమ్మన్నారు. వీణ్ణే పాడమన్నారు. ఆ కుర్రాడికి ఏం అబద్ధం చెప్పి తప్పించుకోవాలో, అది కూడా నువ్వే ఆలోచించు.” అంటూ అన్నయ్య వీపుమీద చెయ్యి వేసి, కాసేపు తియ్యకుండా అలాగే ఉంచాడు. వాచీ చూసుకోలేదు.

ఆయన వెళ్ళాక అన్నాచెల్లెళ్ళిద్దరూ వైర్లు చుట్టడం మొదలెట్టారు.

“నాకు ఊపిరి రాకపోయుంటే ఏం చేసేదానివే?” అన్నాడు అన్నయ్య.

“ఆగేదాన్ని.”

“ఎంతసేపని?”

“హోటలువాళ్ళు కుర్చీలు ఎత్తేసేదాకా. నువ్వు పాడని పాటతో నాకేం పని అన్నయ్యా?”

అన్నయ్య ఏదో చెప్పబోయి, సగంలో ఊపిరి చాలక ఆగాడు. చెల్లెలు వైరు చుట్టడం ఆపి, అతను చెప్పేదాకా నిలబడింది.