ఇంటిదారి తెలిసిన మేజోళ్లు

పొద్దున్నే టీ నీళ్లు కాచే సమోవార్ బుసలు మొదలుపెట్టేసరికి లుకేర్యా ఇంటి తలుపు ఎవరో ఒకరు తట్టాల్సిందే. ఉన్ని ఉండ అరువు కోసం. అడవిలో పుట్టగొడుగులు ఏరుకున్నాక దాన్ని నేలమీద వదిలితే చాలు, దొర్లుకుంటూ ముందు నడిచి ఎవరింటికి వాళ్లని చేర్చేది. పక్కింటి తైసియా అయితే వీధి చివరి దుకాణానికి కూడా పట్టుకెళ్లేది.

“అక్కణ్ణించి నీ ఇల్లు కనబడుతూనే ఉంటుంది కదే?” అనేది లుకేర్యా.

“కనబడుతుందిలే. కబుర్లలో పడితే కదిలించేవాళ్లుండొద్దూ?”

బయల్దేరేముందు ఎవరైనా సరే, ఒక్క నిమిషం బల్లమీద నోరు మూసుకుని కూర్చోవాలి. కూర్చోకుండా గడప దాటిన మనిషి బయల్దేరినట్టే కాదని ఆ ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. తైసియాకి ఆ నిమిషమే గండం.

ఆ ఏడు ఆకులు రాలేవేళకి లుకేర్యా మామ యెర్మొలాయ్‌కి మతి జారిపోయింది. రొట్టెకని వెళ్లి రెండూళ్ల అవతల తేలేవాడు. మొగుడు పోయాక ఆమెకి మిగిలింది ఆ ముసలాయనే. ఆలోచించి ఆలోచించి, ఉండ విప్పి ఆయనకి మేజోళ్లు అల్లింది. కాళ్లకే దారి తెలిస్తే ఇంక బెంగేముంది?

బెంగంతా అప్పుడే మొదలైంది. మర్నాడే ముసలాయన తిన్నగా జలాశయానికి నడిచి, మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డాడు. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన ఆయన ఊరు, కస్యానొవ్‌కా, ఆ నీళ్ల అడుగునే ఉంది. ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్లయినా ఆయన టోపీ ఏనాడూ మేకుకి తగిలించలేదు. చుట్టంలా మోకాలిమీదే పెట్టుకునేవాడు.

“ఇల్లు చేర్చమన్నావు, చేరుస్తున్నాయి మరి,” అంది తైసియా. “ఏ ఇల్లో చెప్పి అల్లావా?”

మేజోళ్లు విప్పితే అడవిపాలు. తొడిగితే నీళ్లపాలు. గడియ పెడితే గోడకి ముక్కు ఆనించి, ఉన్నచోటే నడుస్తూ ఉండేవాడు, వేళ్లు కమిలేదాకా.

నవంబరులో నీళ్లు గడ్డకట్టాయి. చేపలవాళ్లు కూడా ఇంకా కాలుపెట్టని పలచటి మంచు. ముసలాయన దానిమీదకి నడిచాడు. లుకేర్యా చెయ్యి పట్టుకు లాగబోయి, తనే ఈడ్చుకుపోయింది.

“మావయ్యా, విరుగుతుంది. ఆగండి.”

“నాకెందుకు చెప్తావు? కాళ్లకి చెప్పు.”

నట్టనడుమ కాళ్లు ఆగాయి. కింద మంచు పిటపిటలాడుతోంది. యెర్మొలాయ్ చతికిలబడ్డాడు.

“ఊరు వదిలిన రోజు కూర్చోలేదమ్మా,” అన్నాడు. “లారీవాడు ఒకటే హారను. ఆవుని ఎక్కించాం. పొయ్యికున్న ఇనప తలుపు ఊడదీసి మరీ ఎక్కించాం. కూర్చోవడం మర్చిపోయాం.”

లేవదీసే బలం లేదు, వదిలేసి పరిగెత్తే మనసు లేదు. లుకేర్యా పక్కనే కూర్చుంది. ఒక్క నిమిషం. తైసియా రోజూ ఏం అనుభవిస్తోందో ఆమెకి అప్పుడు తెలిసింది.

ముసలాయన లేచాడు. మేజోళ్లు వెనక్కి తిరిగాయి.

ఒడ్డు, వీధి, మెట్లు. లోపలికొచ్చి బూట్లు విప్పి, లుకేర్యాని ఎగాదిగా చూశాడు.

“నువ్వెవరమ్మా?”

టోపీ తీసి మేకుకి తగిలించాడు.

“ఎవరైతేనేంలే, కూర్చో. మా ఇంటికొచ్చినవాళ్లు టీ తాగకుండా పోకూడదు.”